ఏరు తగ్గేదాకా

మొన్నటి వానాకాలం మొదలయ్యేనాటికి నాకు పెళ్లి కొత్త, కాపురం కొత్త, గొడుగు కూడా కొత్తే. ఇద్దరికీ కలిపి గొడుగు ఒక్కటే కొన్నాం, కావాలనే. రెండు కొంటే ఆనుకుని నడవడానికి సాకు దొరకదని మా ఆయన వాదన. ఆయన ఒక ఇంజినీర్ల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కల్వర్టులు, వంతెనలు గీస్తాడు. ఏ విషయానికైనా ముందు కొలతలు, తర్వాత ప్రేమ. నాకు రెండూ ముద్దొచ్చేవి.

మేముండేది మామగారు అద్దెకున్న ఇంట్లో. కింద రెండు గదులూ వంటిల్లూ, పైన ఒకే ఒక్క గది. వాన పడితే హాలు నాలుగు మూలలా కారేది. కారే చోటల్లా ఒక గిన్నె పెట్టేదాన్ని. ఇత్తడి గిన్నె ఒకలా, స్టీలు గిన్నె ఇంకోలా మోగేవి. రాగం కుదిరేదాకా వాటిని అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చుంటే మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, "కచేరీ అయ్యాక అన్నం పెడతావా?" అనేవాడు.

అత్తగారు లేరు. పన్నెండేళ్లయింది పోయి. "అత్తగారు లేని ఇల్లా, పెట్టి పుట్టావే" అని కాలేజీ స్నేహితురాళ్లు పెళ్లిలోనే అసూయపడ్డారు. నేనూ కాదనలేదు.

ఆ రోజుల్లోనే మాకో ఫ్లాటు దొరికింది. మూడో అంతస్తు. కారదు. వంటింటి కిటికీలోంచి రైలు వంతెన కనిపిస్తుంది. బాల్కనీలో రెండు కుర్చీలు వేస్తే మోకాళ్లు తగలక తప్పదు. మా ఆయన టేపు పెట్టి కొలిచి, "చాలా తప్పుడు డిజైను. వెంటనే తీసుకుందాం" అన్నాడు. ఆ బాల్కనీలో ఏ కుర్చీ ఎటువైపు ఉండాలో, ఏ తొట్టిలో ఏ మొక్క పెట్టాలో ఆ సాయంత్రానికే నా మనసులో అమరిపోయింది.

ఫ్లాటు ఇంటావిడకి మేం తాళాలావిడ అని పేరు పెట్టుకున్నాం. నడుముకి అంత గుత్తి. ఆవిడ మెట్లెక్కుతుంటే ముందు తాళాలు వచ్చేవి, వెనక ఆవిడ వచ్చేది. "వచ్చే నెలాఖరుకి రంగులయిపోతాయి. ఆ ఆదివారం దిగిపోవాలి. ఖాళీగా మాత్రం ఉంచను. నాకు మొహమాటాలు లేవు, ముందే చెప్తున్నా" అంది.

ఆ పూట భోజనాల దగ్గర మా ఆయన వాళ్ల నాన్నకి చెప్పాడు. "ఇల్లు మారుతున్నాం నాన్నా. నీకు వేరే గది ఉంది. పొద్దున వెలుతురు బాగా పడుతుంది."

"ఎప్పుడురా?"

"వచ్చే నెలాఖరు."

మామగారు చెయ్యి ఆపి కిటికీ వైపు చూశారు. "వానల్లోనా?" అన్నారు. చెయ్యి కడుక్కుని పైకి వెళ్లిపోయారు.

ఆయన పైగదిలో బొమ్మలు వేస్తారని నాకు తెలుసు. ఎవరికీ చూపించరని కూడా తెలుసు. అమ్మరు, ఇవ్వరు, గోడకి తగిలించరు. ఆయన జీవితమంతా ఒక రంగుల ప్రెస్సులో పనిచేశారు. చాలా నెమ్మదైన మనిషి. గ్లాసుడు మంచినీళ్లు అడగాలన్నా, "నీ పనయ్యాక, వీలుంటే" అనేవారు.

మర్నాడు పైన కూడా కారుతున్న చప్పుడు వినిపిస్తే బేసిను పట్టుకుని వెళ్లాను. తలుపు తీసే ఉంది. కింద పరిచిన దుప్పటి మీద పలచటి తెల్లకాగితం, పక్కన నల్లటి రాయి, దాని మీద అగ్గిపెట్టంత నల్లటి కడ్డీ. ఆయన తలెత్తి చూసి, "బేసిను అక్కడ పెట్టు తల్లీ. చేతులు ఖాళీయేగా? కాస్త ఈ సిరా అరగదీసి పెట్టు" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నన్నడిగిన మొదటి పని అది. కాళ్లు మడుచుకుని కూర్చుని రాయి మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి కడ్డీతో బరబరా రుద్దాను.

"అంత జోరెందుకమ్మా, దాని మీదేమైనా కోపమా? నిద్రపోతున్న పాప వీపు నిమిరినట్టు తిప్పు."

అలాగే తిప్పాను. నీళ్లు మెల్లగా బూడిదరంగయ్యాయి, తర్వాత చిక్కబడ్డాయి. కర్పూరం లాంటి వాసన వచ్చింది. నాకు భలే నచ్చింది. రోజూ వస్తానన్నాను. "రా. కానీ మాట్లాడకూడదు" అన్నారు. నేను మాట్లాడకుండా ఉండగలనని ఆయన నమ్మడం నాకింకా నచ్చింది.

ఉండలేకపోయాను, అది వేరే సంగతి. రెండో రోజుకే ఆయన నాకు జవాబులు చెప్పడం మొదలుపెట్టారు.

"ఇవి చైనా బొమ్మలు కదూ మామయ్యగారూ? ఎవరు నేర్పారు?"

"మా చిత్తుబుట్ట. ఒకసారి ప్రెస్సులో చైనావాళ్ల పాత బొమ్మల పుస్తకం అచ్చుకొచ్చింది. కొండలూ నీళ్లూ మబ్బులూ. చెడిపోయిన షీట్లు చిత్తులో పడేసేవారు. ఇంటికి తెచ్చుకుని చూస్తూ కూర్చునేవాణ్ణి. చూసి చూసి చెయ్యి పెట్టాను."

అడుగునున్న పెట్టెలోంచి ఒక షీటు తీసి చూపించారు. కొండదారిలో చేతికర్రతో ఒక ముసలాయన. ఆయన పక్కనే, కాస్త జరిగి, అదే ముసలాయన బూడిదరంగులో ఇంకోసారి ఉన్నాడు. "అచ్చువేసేటప్పుడు ప్లేటు కదిలి బొమ్మ రెండుసార్లు పడిన షీటు ఇది. నేనది చైనావాళ్ల పద్ధతే అనుకున్నాను. మనిషిని గీసి, పక్కన పలచగా ఇంకో గీత గీయాలి కాబోలనుకున్నాను. చాలాకాలానికి మంచి షీటు చూశాను. అప్పటికి చేతికి అలవాటైపోయింది."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వారు. తర్వాత ఆ రెండో ముసలాయన్ని మళ్లీ చూశాను. ఎందుకో నవ్వాగింది.

"మరి నీళ్లకి ఏ రంగు వేస్తారు?"

"వెయ్యను. చుట్టూ రాళ్లూ గట్లూ గీస్తాను. మధ్యలో ముట్టుకోకుండా వదిలేసిందే నీళ్లు. మబ్బూ అంతే. దీంట్లో చెరపడం లేదమ్మా. కాగితం పీల్చేస్తుంది. అందుకని ఏది గీయకూడదో ముందు తెలియాలి."

గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకి తాడు కట్టి బట్టలారేసినట్టు క్లిప్పులు పెట్టి బొమ్మలు ఆరేసి ఉన్నాయి. అన్నీ ఒకే చోటు. పైన కొండ, కొండ మీద గుడిసె, వంపులు తిరుగుతూ కిందికి దిగే దారి, అడుగున ఒక ఏరు, ఏటికి ఇవతల మళ్లీ దారి. ఒకే బొమ్మ ఎందుకు వేస్తున్నారా అని ముందనుకున్నాను. వరసగా చూస్తే తేడా తెలిసింది. అన్నిటికంటే పాతదాంట్లో గుడిసె గుమ్మానికి ఒక గొడుగు ఆనించి ఉంది. తర్వాతి దాంట్లో గుమ్మం దగ్గర గొడుగు లేదు. దారి మొదట్లో చీమంత మనిషి, గొడుగు వేసుకుని. ఆ తర్వాతి దాంట్లో ఆ మనిషి మొదటి వంపు తిరిగింది. పక్కనే పలచగా, బూడిదరంగు నీడలా, రెండో గీత.

"సినిమా రీలులా ఉందే. ఎవరు మామయ్యగారూ ఈవిడ?"

ఆయన కుంచె కడిగి, తుడిచి, మొన సవరించి పక్కన పెట్టారు.

"మీ అత్తయ్య."

రాయి మీద ఇంకో చుక్క నీళ్లు వేసి కడ్డీ తిప్పాను.

"ఇన్నేళ్లూ ఆ గుడిసెలోనే ఉంది. వానకి ఆగింది. నేనూ పిలవలేదు. మొన్న వాడు ఇల్లు మారతామన్నాక, ఇక బయల్దేరమన్నాను. ఈ ఇంటికైతే కళ్లు మూసుకుని వచ్చేస్తుంది. కొత్తింటి దారి తనకి తెలీదు కదమ్మా."

ఆయన గొంతులో ఏడుపూ లేదు, పిచ్చీ లేదు. ఊరి నుంచి రావలసిన మనిషి గురించి చెప్పినట్టే చెప్పారు. అందుకేనేమో నేనూ అలాగే అడిగాను. "నెలాఖరుకి వచ్చేస్తారంటారా?"

"చెప్పలేను. మోకాలి నొప్పి మనిషి. ఏ పూటకెంత నడవగలిగితే అంతే. వీలు చూసుకుని రమ్మన్నాను."

ఆ సాయంత్రం ఒకే గొడుగు కింద బజారుకి వెళ్తూ మా ఆయనకి చెప్పాను. ఆయన అడుగు తడబడి నా భుజం తడిసింది.

"ఆ గదిలోకి వెళ్తున్నావా?"

"సిరా తీస్తున్నా. నువ్వెప్పుడూ చూళ్లేదా?"

"చిన్నప్పుడు ఒకసారి. మా అమ్మని అంత దూరంగా కొండెక్కించి గుడిసెలో కూర్చోబెట్టాడు. మనిషి కూడా కనిపించదు, గొడుగొక్కటే. మళ్లీ వెళ్లాలనిపించలేదు."

కూరగాయల కొట్టు చూరు కింద నిలబడ్డాం. మా ఆయన రోడ్డు మీద పారుతున్న నీళ్లు చూస్తూ చెప్పాడు. "అమ్మ వాళ్లక్క ఊరు వెళ్లింది. నాకు జ్వరం వచ్చింది. వాన ఎక్కువగా ఉంది, రేపొస్తానని ఫోన్ చేసింది. నాన్న, ఎలాగైనా ఇవాళే వచ్చెయ్ అన్నాడు. సాయంత్రం పడవెక్కింది." గొడుగు ముడుస్తూ, "మనిషి దొరకలేదు. గొడుగూ దొరకలేదు" అన్నాడు. "నాన్న ఇలా నెమ్మదిగా ఉండేవాడు కాదు తెలుసా? అన్నీ అప్పటికప్పుడు జరిగిపోవాలనేవాడు. చెప్పులేసుకునేలోపు రెండుసార్లు పిలిచేవాడు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. కొట్టువాడు, "వంకాయలు కావాలామ్మా, చూరు కావాలా?" అని అడిగేదాకా అలాగే నిలబడ్డాం.

ఆ తర్వాత నాకో వింత పట్టుకుంది. అత్తగారు వస్తున్నారు. ఒక్కో వంపూ తిరుగుతూ, మోకాలు పట్టుకుంటూ, వస్తున్నారు. ఇది నిజం కాదని తెలుసు, డిగ్రీ చదివినదాన్ని. అయినా వంటింట్లో అలమారా తలుపు తీస్తే గుండె గుభేలుమనేది. పప్పుడబ్బాలో చక్కెర, చక్కెరడబ్బాలో సబ్బు. ఒక రోజంతా కూర్చుని డబ్బాలన్నీ కడిగి సర్దాను. గ్యాసు పొయ్యి వెనక గోడ తోమాను. తలగడ గలీబులు మార్చాను. మా ఆయన వచ్చి, "ఎవరొస్తున్నారు?" అన్నాడు. అని, నా మొహం చూసి, వెంటనే బయటికి వెళ్లి వరండాలో నిలబడ్డాడు.

ఒక మధ్యాహ్నం మామగారు కిందికి దిగి గుమ్మం ముందు మందపాటి గోనెపట్టా పరిచారు. "తడికాళ్లతో వస్తే జారుతుంది" అన్నారు. ఎవరు తడికాళ్లతో వస్తారని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ రోజు నుంచి పగటిపూట వీధితలుపు గడియ వెయ్యడం మానేశాను.

ఇంతలో ఆవిడ ఏటిదాకా వచ్చేసింది.

అప్పటికి వానలు ముదిరాయి. మా వీధిలో నీళ్లు నిలిచాయి. రేడియోలో రోజూ ఏదో ఒక వంతెన మూసేశారని చెప్పేవారు. బొమ్మలో ఆవిడ అవతలి గట్టు మీద నిలబడింది. ఇప్పుడు చీమంత కాదు, గోరంత. గొడుగు కింద జడ కొసా, శాలువా అంచూ తెలుస్తున్నాయి. తర్వాతి బొమ్మలోనూ అక్కడే నిలబడింది. ఆ తర్వాతి దాంట్లోనూ అక్కడే. మారింది ఏరే. మామగారు ఇవతలి గట్టు గీయడం మానేశారు. తర్వాత రాళ్లు మానేశారు. తర్వాత చెట్ల మొదళ్లు మానేశారు. ఒక్కో బొమ్మకీ తెలుపు కాస్త పైకెక్కేది. చివరికి కాగితం అడుగుభాగం సగం దాకా ఏమీ లేదు. ఉత్త కాగితం. దాని అంచున గొడుగు పట్టుకుని ఆవిడా, పక్కన ఆవిడ బూడిదనీడా. అంత నీటిని నేనెక్కడా చూడలేదు. ఒక్క గీత కూడా లేకుండా హోరెత్తుతున్నట్టుండేది.

"ఒక చిన్న పడవ వేస్తే?" అన్నాను ఒకరోజు, నెలాఖరు దగ్గర పడుతోందన్న గాభరాలో.

ఆయన నా వైపు చూశారు. కోపం లేదు. కుంచె తీసుకెళ్లి నీళ్లలో పెట్టి, ఆ రోజుకి ఇక చాలన్నారు.

మర్నాడు మధ్యాహ్నం కింద ఒక్కదాన్నే ఉన్నాను. గిన్నెలన్నీ ఒకేసారి మోగుతున్నాయి. ఎందుకో ఆ రోజు రాగం కుదర్లేదు. మోకాల్లోతు నీళ్లు నిలిచిన వీధికి అవతల ఎవరో దాటలేక నిలబడ్డట్టు అనిపించింది. లేచి కిటికీ తీశాను. ఎవరూ లేరు. అవతలి ప్రహరీగోడ మీంచి నీళ్లు కారుతున్నాయి, అంతే. కిటికీ మూయబోయి, "కాస్త ఆగండి, తగ్గుతుంది" అన్నాను, పైకే. నా గొంతు విని నాకే ఒళ్లు జలదరించింది. కానీ అన్నందుకు సిగ్గనిపించలేదు.

ఆ వారంలోనే తాళాలావిడ నీళ్లలో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మా ఇంటికే వచ్చింది.

"రంగులయిపోయాయి. ఆదివారం సాయంత్రంలోపు సామాను దిగాలి. ఇంకో జంట కాచుక్కూర్చుంది. వాళ్లకీ కొత్త పెళ్లేనట, మీకంటే ఎక్కువ నవ్వుతున్నారు. నాకేం, ఎవరైతేనేం?"

"వచ్చేస్తాం ఆంటీ" అన్నాను. అంటూ పైకి చూశాను. ఆవిడ కూడా పైకి చూసి, "ఏమిటి, పైన కూడా కారుతోందా?" అంది.

శనివారం ఆఫీసు నుంచి రాగానే మా ఆయన బూట్లు కూడా విప్పకుండా తన పెన్నుల పెట్టె తీశాడు. సన్నటి గీతలు గీసే ఆఫీసు పెన్నులవి, ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

"ఎక్కడికి?"

"పైకి. నాన్నతో మాట్లాడాలి. ఆయన భాషలోనే మాట్లాడతా."

నేను టీ గ్లాసులు పట్టుకుని వెనకే వెళ్లాను. గుమ్మంలో మా ఆయన ఆగాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ గడప దాటుతున్నాడు. తాడు మీది బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు, గుమ్మం దగ్గరి గొడుగు నుంచి ఏటి ఒడ్డు దాకా. చివరిదాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. మామగారు కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"ఈ కాగితం మీద గీయచ్చా నాన్నా?"

"గీయి. చెరపడం ఉండదు, చూసుకో."

మా ఆయన బొమ్మ దించి, దుప్పటి మీద పరిచి, స్కేలు పెట్టి, ఆ తెల్లటి నీటి మీద ఒక వంతెన గీయడం మొదలుపెట్టాడు. ఆఫీసులో గీసినట్టే. ఇటు ఒక గట్టుస్తంభం, అటు ఒకటి, మధ్యలో రెండు. కానీ కాగితం ఆయన మాట వినలేదు. ఎంత సన్నగా గీసినా గీత గీసిన చోట ఆగకుండా పీల్చుకుని అటూ ఇటూ వెంట్రుకల్లా పాకింది. ఆయన చిరాకుపడ్డాడు. అయినా ఆపలేదు. రెయిలింగు కూడా గీశాడు. ఆవిడ నిలబడ్డ చోటుకి సరిగ్గా ఎదురుగా వంతెన మొదలు.

"ఇదిగో. రేపు దాటేస్తుంది. రేపే మనం కూడా వెళ్లిపోదాం. సరేనా?"

మామగారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. ఎగతాళి అనుకుంటారేమోనని నాకు భయం వేసింది. అనుకోలేదు. చాలా శ్రద్ధగా చూశారు.

"బాగుందిరా. గట్టిగా ఉంది." వేలితో మధ్య స్తంభం చూపించారు. "ఈ స్తంభానికి పునాది ఏదీ?"

"కింద ఉంటుంది నాన్నా. నీళ్ల కింద."

"ఇంత వరదలో ఎలా వేశావు?"

ఆఫీసులో ఇంకెవరైనా ఈ ప్రశ్న అడిగితే మా ఆయన గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పేవాడు. ఇప్పుడూ అదే జవాబు ఆయన నోటిదాకా వచ్చి ఆగిందని నాకు తెలుస్తూనే ఉంది. చేతిలో పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"వెయ్యరు" అన్నాడు చివరికి. "వానాకాలంలో ఏటిలో పునాది వెయ్యరు."

"మరి?"

"నీళ్లు తగ్గేదాకా ఆగుతారు."

మామగారు గ్లాసు అందుకుని, "టీ చల్లారిపోతోంది, తాగరా" అన్నారు. ఇద్దరూ తాగారు. వంతెన బొమ్మని మా ఆయనే మళ్లీ తాడుకి తగిలించాడు, క్లిప్పు సరిచేసి, వంకర లేకుండా.

కిందికొచ్చాక మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "తాళాలావిడకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అన్నాడు. నా బాల్కనీ, నా మొక్కలు, రైలు వంతెన అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. ముక్కు ఎగబీల్చుకున్నాను. ఆయన తన భుజం ఇటు జరిపాడు. "తుడుచుకో. ఎలాగూ తడిసింది" అన్నాడు.

నేనే చెప్పాను.

"ఏమ్మా, మనసు మారిందా?"

"లేదాంటీ. మా అత్తయ్యగారు దారిలో ఉన్నారు. ఆవిడ వచ్చేదాకా కదల్లేం."

"అత్తగారి కోసం మంచి ఇల్లు వదులుకునే కోడల్ని నిన్నొక్కదాన్నే చూశాను" అని తాళాలు మోగించుకుంటూ వెళ్లిపోయింది. ఆ ఆదివారం సాయంత్రానికి ఎక్కువ నవ్వే జంట మా బాల్కనీలోకి దిగిపోయింది. ఒకసారి అటుగా వెళ్తూ తలెత్తి చూశాను. ఒక్క కుర్చీయే వేసుకున్నారు. మాకీ ఆలోచన ఎందుకు రాలేదా అని ఇంటికొచ్చేదాకా కుళ్లుకున్నాను.

వానలు వాటి టైముకే వెనకబట్టాయి. ముందు గిన్నెల్లో ఒకటి మానేసింది, తర్వాత ఇంకోటి. పైన మామగారు మళ్లీ చెట్ల మొదళ్లు గీశారు. తర్వాత గట్టు. ఇప్పుడు మా ఆయన రోజూ సాయంత్రం పైకి వస్తున్నాడు. వంతెన ఊసు ఎవరూ ఎత్తలేదు. ఏట్లో అడుగేసి దాటే రాళ్లు గీసే దగ్గర మాత్రం తండ్రీకొడుకులకి పెద్ద గొడవే అయింది.

"అంత ఎడంగా వెయ్యకు నాన్నా. అమ్మ అడుగు చిన్నది."

"నాకు చెప్తున్నావా? నీకంటే ముందు నుంచి నడుస్తున్నా తనతో."

"ముందు నడిచేవాడివి. ఎప్పుడైనా వెనక్కి చూశావా? నేను పక్కన నడిచేవాణ్ణి."

నేను సిరా తిప్పడం ఆపేశాను. మామగారు కుంచె అలాగే గాల్లో పట్టుకుని కొడుకుని చూశారు. తర్వాత ఆ రాయికీ ఈ రాయికీ మధ్య ఇంకో చిన్న రాయి పెట్టారు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఫర్వాలేదు."

ఆవిడ ఏరు దాటడానికి చాలా బొమ్మలు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు. ఇవతలి గట్టెక్కాక దారి తిన్నగా మా వైపే వచ్చింది. బెత్తెడయ్యింది, జానెడయ్యింది. ఒక బొమ్మలో గొడుగు కాగితం అడుగంచుని తాకింది, సగం గొడుగు కాగితంలో పట్టనే లేదు. దాని కింద మొహం కనిపించలేదు. బూడిదగీత మాత్రం ఆ బొమ్మలో లేదు. మనిషి ఒక్కర్తే ఉంది. ప్లేటు సరిగ్గా కుదిరిన షీటులా.

తర్వాత వేసిన బొమ్మ చూడటానికి నేను పైకెళ్లేసరికి మధ్యాహ్నం ఎండ గది నిండా పరుచుకుని ఉంది. మామగారు కుంచెలన్నీ కడిగి వరసగా ఆరబెడుతున్నారు. కాగితం మీద కొండ ఉంది. గుడిసె ఉంది. రాళ్ల మధ్య సన్నటి ఏరుంది. దారి మొత్తం ఖాళీగా ఉంది.

"ఏరి మామయ్యగారూ?"

"వీధితలుపు తీసే ఉందిగా" అన్నారు.

గబగబా మెట్లు దిగాను. కింద తలుపు తీసే ఉంది. గోనెపట్టా పొడిగానే ఉంది. హాల్లో ఎవరూ లేరు. అయినా నేను కొంగు సవరించుకున్నాను. నేరుగా వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. గ్లాసులు ముందు పెట్టుకుని, ఎన్నిట్లో పొయ్యాలో తెలీక, టీ గిన్నె పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఇంకో ఇల్లు దొరికింది. కింది అంతస్తు. బాల్కనీ లేదు. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. "కొలిచాను. గోడకీ కిటికీకీ మధ్య మనిద్దరం నిలబడేంత చోటుంది" అన్నాడు మా ఆయన. కారదు కూడా.

సామానంతా లారీలో ముందు వెళ్లిపోయింది. మాకోసం టాక్సీ పిలిచాం. మామగారు బొమ్మలు చుట్టి గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చి, వెనక సీట్లో కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నారు. నేను రెండోవైపు తలుపు తీసి ఆ చివర కూర్చున్నాను. నా చేతిసంచి మా మధ్య పెట్టబోయి ఒళ్లో పెట్టుకున్నాను. మా ఆయన ఇంటికి తాళం వేసి వచ్చాడు. పెళ్లయిన దగ్గర్నుంచి బస్సులోనైనా టాక్సీలోనైనా ఆయన నా పక్కన తప్ప ఇంకెక్కడా కూర్చుని ఎరగడు. నా వైపు తలుపు తీసి, నన్ను కాస్త జరగమనబోయి, లోపలికి చూసి ఆగాడు. తలుపు మెల్లగా మూశాడు. చుట్టూ తిరిగి వెళ్లి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. మామగారికీ నాకూ మధ్య ఖాళీగా ఉన్న చోటు చూసి, "ఇంకెవరైనా రావాలాండీ?" అని అడిగాడు.

"లేదు" అన్నాడు మా ఆయన. "అందరం ఎక్కేశాం. నెమ్మదిగా పోనివ్వు."